ఇల్లు ఇప్పుడే గిఫ్ట్ డీడ్ చేయాలా, వీలునామా చాలా?

గుంటూరు_ఆడపడుచు: నాన్నకు 79. అమ్మకు పక్షవాతం, కుడిపక్క పడిపోయింది. నాన్న స్వార్జితంతో కట్టిన ఇల్లొకటే ఆస్తి. తమ్ముడూ మరదలూ వాళ్లతోనే ఉంటారు. ఇల్లు తన పేర గిఫ్ట్ డీడ్ చేయమంటున్నాడు తమ్ముడు. వీలునామా సరిపోదా? నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను.

రిటైర్డ్_తాసిల్దారు: వీలునామాయే. బతికున్నంత కాలం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిది. గిఫ్ట్ డీడ్ రిజిస్టరైతే ఇల్లు చేయి దాటినట్టే.

కాకినాడ_కాజా: ఎందుకండీ భయపెడతారు? 2007 నాటి వృద్ధుల పోషణ చట్టం ఉందిగా. చూడకపోతే ఆర్డీవో ట్రిబ్యునల్‌లో గిఫ్ట్ రద్దు చేయించుకోవచ్చు.

రిటైర్డ్_తాసిల్దారు: ఊరికే రద్దవదు. సెక్షన్ 23 చదవండి. బాగోగులు చూడాలన్న షరతు మీద ఇచ్చి ఉండాలి, ఆ షరతు తప్పి ఉండాలి. 2022లో సుప్రీంకోర్టూ ఇదే చెప్పింది.

కాకినాడ_కాజా: 2025 జనవరి తీర్పు చూడలేదా? మధ్యప్రదేశ్ తల్లి కేసు. గిఫ్ట్ రద్దు చేసి ఆస్తి తిరిగి అప్పగించమన్నారు.

రిటైర్డ్_తాసిల్దారు: చూశాను. కొడుకు తల్లిని చూసుకుంటాడన్న మాట ఆ డీడ్‌లోనే ఉంది. కొడుకు విడిగా రాసిచ్చిన హామీ పత్రాన్నీ కోర్టు లెక్కలోకి తీసుకుంది. అంటే షరతు ఉన్నట్టే కదా!

వరంగల్_బాబాయ్: షరతులు కాగితం మీదే. మా పెద్దన్న పొలం రాయించుకున్న మర్నాటి నుంచి అమ్మ మా ఇంట్లోనే. ఆర్డీవో ఆఫీసుకు పోదామంటే అమ్మ రానంది. కన్నకొడుకు మీద కేసు పెట్టే తల్లి ఎక్కడుంటుంది?

ఇంటి_కోడలు: ఇంతమంది ఇన్ని సెక్షన్లు చెప్పారు. ఆ అమ్మకు డైపర్ ఎవరు మారుస్తున్నారని ఒక్కరూ అడగలేదు. మా అత్తగారు మంచాన పడ్డాక పుండ్లు పడకుండా రాత్రిళ్లు లేచి పక్క తిప్పింది నేను. ఆడపడుచులు పండక్కి పళ్లు తెచ్చారు. ఆవిడ పోయాక సమాన వాటా అన్నారు. వీలునామా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చని తాసిల్దారు గారు లాభంలా చెప్పారు. సేవ చేసేవాళ్లకు భయం అక్కడే. చేసినంత కాలం చేయించుకుని, చివర్లో ఇంకో వీలునామా తీస్తే మేమేం చేయాలి?

రిటైర్డ్_తాసిల్దారు: అయితే సేవకు ఇల్లు కూలీనా అమ్మా?

ఇంటి_కోడలు: ఒక నెల ఆయాను పెట్టి చూడండి, కూలీ ఎంతో తెలుస్తుంది.

గుంటూరు_ఆడపడుచు: నేను పళ్లు తెచ్చే రకం కాదు. అమ్మ ఫిజియోథెరపీ డబ్బు నెలనెలా నేనే పంపుతున్నాను. 1986లో ఎన్టీఆర్ ప్రభుత్వమే ఆడపిల్లలకు వాటా ఇచ్చింది, ఎవరూ దానం చేయక్కర్లేదు.

రిటైర్డ్_తాసిల్దారు: అది పిత్రార్జితానికమ్మా. మీ నాన్నది స్వార్జితం, ఎవరికైనా రాయొచ్చు. ఏమీ రాయకుండా పోతేనే మీ అమ్మకు, తమ్ముడికి, మీకు సమానంగా వస్తుంది.

డాలస్_పెద్దోడు: నాన్నే ముందు పోతే? గిఫ్ట్ చేసేస్తే అమ్మకు ఆ ఇంట్లో ఏ హక్కు మిగులుతుంది?

రిటైర్డ్_తాసిల్దారు: ఈ ప్రశ్న మొదట రావాల్సింది. సెటిల్‌మెంట్ డీడ్‌లో, అంటే ఇంట్లోవాళ్లకు ఆస్తి రాసిచ్చే దస్తావేజులో, అమ్మానాన్నలిద్దరికీ జీవితకాలం అనుభవ హక్కు ఉంచి, పోషణ షరతు రాసి, తర్వాత కొడుక్కని పెట్టొచ్చు. కోడలమ్మ భయమూ తగ్గుతుంది, వీలునామాలా మార్చేయడం కుదరదు.

ఇంటి_కోడలు: అలాగైతే నాకు అభ్యంతరం లేదు. ఆ అక్క ఒప్పుకుంటారా?

గుంటూరు_ఆడపడుచు: ఇల్లు వాడికి పోతే నాకు బాధ లేదండీ. అమ్మను హోమ్‌లో పెడదామని మరదలు రెండుసార్లు అంది. ఇప్పుడు నాన్న గట్టిగా వద్దంటున్నారు. ఇల్లు వాళ్ల పేరైతే ఆయన మాట చెల్లుతుందా?

ఇంటి_కోడలు: చేసిచేసి నడుం పోయి అని ఉంటుంది. మీరు తీసుకెళ్లొచ్చుగా?

గుంటూరు_ఆడపడుచు: మాది లిఫ్ట్ లేని మూడో అంతస్తు.

ఇంటి_కోడలు: ఇల్లు మారండి అక్కా.

వరంగల్_బాబాయ్: మా అన్న కూడా లిఫ్ట్ లేదనే అన్నాడు.

కాకినాడ_కాజా: నేనిప్పటికీ చెప్తున్నా, 2025 తీర్పు తర్వాత షరతు విడిగా రాయక్కర్లేదు.

రిటైర్డ్_తాసిల్దారు: రాయాలి.