కలంకారీ పనితీరంతా వీడియోల్లో చూపించవచ్చా?

కరక్కాయపూత (శ్రీకాళహస్తి):
అందరికీ నమస్కారం. మా ఇంట్లో నాన్నగారూ నేనూ కలంతో గీసే కలంకారీ పనే చేస్తాము. నిరుడు 40 సెకన్ల వీడియో ఒకటి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాను. పాలూ కరక్కాయ పొడీ కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెట్టిన గుడ్డ మీద, తుప్పుపట్టిన ఇనుమునూ బెల్లాన్నీ వారాల తరబడి ఊరబెట్టి తీసిన నీటితో గీత గీస్తే, కలం తగిలినప్పుడు వెలిసినట్టున్న ఆ గీత చూస్తుండగానే నల్లబడుతుంది. వీడియోలో ఉన్నది అంతే. అది చూసి, మా పని గురించి అంతకుముందు ఏమీ తెలియని 11 మంది పుణె నుంచీ డాలస్ నుంచీ ఆర్డర్లు ఇచ్చారు. ఆ పనులు పూర్తయ్యాక వాటి ఫోటోలు కూడా పెట్టాను.

ఆ తరువాత 2 నెలలకు నేను గీసిన నెమలి అంచు, తోక ఈకలో నేను చేసిన పొరపాటుతో సహా, ఒక దుకాణం పేజీలో డిజిటల్ ప్రింటు చీర మీద కనిపించింది. కింద ‘అసలైన కలంకారీ’ అని రాసి ఉంది. నాన్నగారు వీడియోలు ఆపెయ్యమంటున్నారు. ఆపేస్తే అలాంటి 11 మంది మళ్ళీ మా గడప ఎలా తొక్కుతారు? పెద్దలు చెప్పండి.

పెడన అచ్చు:
అమ్మా, మీ నాన్నగారి మాటే సరైనదని నా అభిప్రాయం. మా పెడనలో కలంకారీ అంటే చెక్క అచ్చులతో గుడ్డ మీద అద్దే పని. టేకు చెక్క మీద ఒక కొత్త అచ్చు చెక్కడానికి రోజులు పడుతుంది. దాని ఫోటో ఫోనులోకి ఎక్కిందంటే, మేము మొదటి తాను అద్ది ఉతికి ఆరబెట్టే లోపే అదే పువ్వు స్క్రీన్ ప్రింటులో సగం ధరకు బజారులోకి వస్తుంది. నమ్మకమైన కొనుగోలుదారులకు విడిగా పంపండి, బయట పెట్టకండి.

చీరల కొట్టు (విజయవాడ):
పెడన వారి బాధ నిజమైనదే, కానీ ఇక్కడ రెండు వేరువేరు విషయాలు కలిసిపోయాయి. అమ్మాయి గారి నెమలిని కాపీ చేసినవారికి ఉపయోగపడినది ఏది? గీత నల్లబడే వీడియో కానే కాదు. అందులో చెయ్యి అడ్డుగా ఉంటుంది, గుడ్డ ముడతలు పడి ఉంటుంది, నెమలి సగమే కనిపిస్తుంది. ప్రింటు వేసేవాడికి కావలసినది చీరను నేల మీద పరిచి, నిటారుగా పైనుంచి, మంచి వెలుతురులో తీసిన ఫోటో. మనమందరం ‘క్యాటలాగు’ పేరుతో ఆ ఫోటోనే ఉచితంగా పంచుతున్నాము. కాబట్టి చేతిని ఎంతైనా చూపించండి, అంచును మాత్రం నిండుగా పరచి చూపించకండి. చీర కట్టుకున్న మనిషిని చూపిస్తే కుచ్చిళ్ళలో డిజైను దానంతట అదే దాగుతుంది. పదిహేనేళ్ళుగా గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవాడిగా ఇంకొక మాట చెబుతాను. ప్రింటుకూ చేతిపనికీ ధరలో అంత తేడా ఎందుకో కొనేవారికి నేను ఎంత చెప్పినా ఎక్కదు. ఆ 40 సెకన్లు చూపిస్తే మారు మాట్లాడకుండా చీర వెనక్కి తిప్పి చూస్తారు.

పాతకలం (శ్రీకాళహస్తి):
నేను శిక్షణ ఇచ్చి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. మన ఊళ్ళో ఈ విద్య దాదాపు అంతరించిపోయే దశలో, చేతివృత్తులను నిలబెట్టడానికి పాటుపడిన కమలాదేవి ఛటోపాధ్యాయ గారి చొరవతో 1950లలో శిక్షణ కేంద్రం వచ్చింది కనుకనే నిలబడింది. కొన్ని ఇళ్ళలోనే ఉన్న రంగుల పాకం అక్కడ పరాయి పిల్లలకు కూడా నేర్పారు. దాచుకుంటే బతుకుతుందనే వాదనకు మన చరిత్రే అడ్డు నిలుస్తుంది. శ్రీకాళహస్తి కలంకారీకి 2005–06లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది, అయితే అది పేరును కాపాడుతుందే తప్ప నీ నెమలిని కాపాడదు. అందుకే ఆ పేరు వాడుకునే హక్కున్న అధీకృత వినియోగదారుగా నమోదు చేయించుకుని, ఆ సంఖ్యను నీ పేజీలో మొదటి వరుసలోనే రాయి తల్లీ.

నా భయం వేరే ఉంది. ఆ యాప్‌లు రోజుకొక వీడియో అడుగుతాయి. పటిక పూసి, ఎర్రరంగు వేళ్ళతో ఉడికించి, పారే నీటిలో జాడించి, ఎండబెట్టి, మళ్ళీ పూసే పని రోజుకొకటి ఇవ్వదు. వీడియో కోసమని రామాయణం గుడ్డ పక్కన పెట్టి చేతిగుడ్డలూ పుస్తకాల అట్టలూ గీస్తున్న పిల్లలను చూస్తున్నాను. దొంగతనం కంటే ఇది నన్ను ఎక్కువగా కలచివేస్తోంది.

పెడన అచ్చు:
పరచిన ఫోటో సంగతి నేను ఒప్పుకుంటున్నాను. అచ్చు పనిలో మాత్రం ఒక్క పువ్వు కనిపించినా డిజైనంతా కనిపించినట్టే, కనుక మా విషయంలో నా మాట మార్చుకోను.

కరక్కాయపూత (శ్రీకాళహస్తి):
అందరికీ కృతజ్ఞతలు. పెద్దాయనా, ఆ మాట నాకే తగిలింది. ఈ 6 నెలల్లో నేను పూర్తిచేసిన పెద్ద గుడ్డ ఒక్కటీ లేదు. పరచి తీసిన ఫోటోలన్నీ రాత్రే తీసేశాను. నాన్నగారితో మాట్లాడితే, రోజుకొకటి కాకుండా ఒక్క గుడ్డకు మొదటి నుంచి చివరి వరకు నెలకొక వీడియో అయితే సరే అన్నారు. పట్టాభిషేకం మొదలుపెట్టాము, చింతబొగ్గుతో చిత్తు గీత అయింది. ముఖాలు గీసేటప్పుడు మాత్రం ఫోను పక్క గదిలో ఉండాలన్నది ఆయన షరతు, నేను ఒప్పుకున్నాను.