చర్చ: ఏకపాత్ర నాటకం చూశాక స్పందన ఎలా రాయాలి?

వెనకబెంచీ
ఒక్కరే నటించిన నాటకం చూశాక వాళ్లకి పంపే మెసేజీ చాలాసార్లు "అద్భుతం, కన్నీళ్లొచ్చాయి" దగ్గరే ఆగిపోతుంది. మన అనుభూతి పోకూడదు, చదివిన నటులకి పనికొచ్చేలా కూడా ఉండాలి. పద్ధతి తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

మూడోవరుస
హాలు బయటికొచ్చిన మొదటి 20 నిమిషాల్లో, ఎవరితోనూ మాట్లాడకముందే, ఐదు లైన్లు రాసుకోండి. మూడు క్షణాలు, చెవిలో ఉండిపోయిన ఒక మాట ఉన్నదున్నట్టు, మీ ధ్యాస తప్పిన ఒక చోటు. ఆ చివరిది చాలామంది వదిలేస్తారు, నటులకి ఎక్కువ అక్కరకొచ్చేది మాత్రం అదే. తెల్లారేసరికి కథ మిగులుతుంది, చేతులూ కళ్లూ ఏం చేశాయో చెరిగిపోతుంది.

తర్వాత ఒక్కో క్షణానికీ రెండు ముక్కలు: ఏం కనబడింది, నాలో ఏమైంది. "ఒంటరితనం బాగా పలికించారు" అంటే వాళ్లకి ఏమీ అందదు. "గ్లాసు నోటిదాకా తీసుకెళ్లి, తాగకుండానే కింద పెట్టారు. అక్కడ నా గొంతు ఎండిపోయింది" అంటే ఏ క్షణం తగిలిందో తెలుస్తుంది. కారణం తోచకపోతే రాయకండి, కల్పించొద్దు.

ఆకాశభాషితం
పైదానికి ఒకటి కలుపుతాను. ఒంటి నటుడి నాటకంలో అసలు పరీక్ష, లేని మనిషి ఉన్నాడా లేడా అన్నదే. సంస్కృతంలో చెప్పే పది రకాల నాటకాల్లో (దశరూపకాల్లో) భాణం ఇలాంటిదే: ఒకే అంకం, ఒకే పాత్ర. కనబడని వాళ్లతో "ఏమంటున్నావు?" అని అడిగి, వాళ్ల జవాబు తనే చెప్పుకుంటూ సాగుతుంది. గమనించాల్సినవి రెండు.

చూపు ఎత్తు: పిల్లవాడితో మాట్లాడుతున్నప్పుడు చూపు నడుము ఎత్తులో మొదలై, నాలుగు మాటలయ్యేసరికి భుజం ఎత్తుకి పాకితే, మనకి తెలియకుండానే ఆ పిల్లవాడు మాయమవుతాడు. "మధ్యలో ఎందుకో నమ్మలేదు" అనిపించే చోట్ల తరచూ జరిగేది ఇదే.

వినే వ్యవధి: ప్రశ్న అడిగాక అవతలివాళ్లు జవాబు చెప్పేంత సేపు ఆగాలి. ఆ జవాబు మొహం మీద ముందు కనబడాలి, మాట తర్వాత రావాలి. వెంటనే అందుకుంటే అవతల ఎవరూ లేనట్టే.

ఎక్కడ కూర్చున్నారో తప్పకుండా రాయండి. చూపు, మొహం మలుపు పక్క సీట్ల నుంచి వేరుగా కనిపిస్తాయి. సీటు చెప్పని ఫిర్యాదుతో వాళ్లు ఏమీ చేసుకోలేరు.

వాచికం
మాట గురించి ఒకటి. తెలుగులో క్రియ చివర వస్తుంది, కాదనడమూ అక్కడే. "నేను తలుపు తీశాను", "నేను తలుపు తీయలేదు", రెంటికీ తేడా ఆఖరి మాటలోనే ఉంది. గంటకు పైగా ఒక్కరే మాట్లాడితే ఊపిరి తగ్గి వాక్యాల తోకలు వినబడకుండా పోతాయి. అక్కడే కథ తలకిందులవుతుంది. అర్థం కాకపోతే రచనను తప్పుపట్టే ముందు, మాట వినబడిందా లేదా అని చూసుకోండి. "చివరి భాగంలో వాక్యాంతాలు నాకు అందలేదు" అన్న ఒక్క లైను చాలు.

వెనకబెంచీ
మరి సొంత స్పందన సంగతి? నాటకం మన జీవితాన్ని తాకినప్పుడు అది రాయొద్దంటారా?

మూడోవరుస
రాయండి, రెండు వాక్యాలు మించకుండా. "ఉత్తరం మడతపెట్టిన తీరు చూసి మా అమ్మ గుర్తొచ్చింది" అన్నాక మళ్లీ రంగం మీదికి రండి. పేజీలకొద్దీ మన కథ పంపితే, అప్పటికే అలసిపోయిన మనిషి మీద మరో బరువు పెట్టినట్టవుతుంది. స్వీయకథ ఆడినప్పుడు "ఇది నిజంగా జరిగిందా?" అని అడగొద్దు. చెప్పదలచుకున్నంత వాళ్లు చెప్పేశారు. "మీరు" అనకుండా "ఆ పాత్ర" అని రాస్తే ఇద్దరికీ ఊపిరాడుతుంది.

ఆకాశభాషితం
ఇంకో ప్రశ్న కూడా వేసుకోండి: నన్ను ఎవరిగా కూర్చోబెట్టారు? న్యాయమూర్తిగానా, పక్కింటివాళ్లగానా, తలుపు సందులోంచి చూసేవాళ్లగానా? అది మధ్యలో మారితే ఎక్కడ మారిందో రాయండి. మంచి స్పందనల్లో కూడా ఇది అరుదుగా కనిపిస్తుంది.

తెరచాటు
ఎప్పుడు పంపాలన్నదీ ముఖ్యమే. మర్నాడు మళ్లీ ప్రదర్శన ఉంటే లోపాలు ఆ రాత్రి పంపకండి. మెచ్చుకోలులో కూడా జాగ్రత్త. ఒక చిన్న కదలికను వేలుపెట్టి పొగిడితే, మర్నాడు అది తెలిసి చేసినట్టు తయారయ్యే ప్రమాదముంది. అన్ని ప్రదర్శనలూ అయ్యాక పంపడం మేలు.

ఇంకా తయారీలో ఉన్న నాటకమైతే అమెరికన్ నృత్య దర్శకురాలు లిజ్ లెర్మన్ 1990లో రూపొందించిన నాలుగు మెట్ల పద్ధతి బాగా పనిచేస్తుంది. ముందు ప్రేక్షకులు తమకు ఏది అర్థవంతంగా తగిలిందో చెబుతారు. తర్వాత కళాకారులు ప్రశ్నలడుగుతారు. ఆపైన ప్రేక్షకులు తమ అభిప్రాయం కలపని ప్రశ్నలు వేస్తారు. చివర్లో, కళాకారుల అనుమతి తీసుకున్నాకే అభిప్రాయం. మూడోది కష్టం: "అంత సాగదీశారెందుకు?" అనేది ప్రశ్న రూపంలో ఉన్న తీర్పు. "ఆ మౌనంలో మేం ఏం వినాలనుకున్నారు?" అనేది ప్రశ్న.

వెనకబెంచీ
ముసాయిదా చూడండి: "ఎడమ చివర, ఐదో వరుస. కుర్చీని గోడవైపు తిప్పినప్పుడు ఇక ఆవిడ మాతో మాట్లాడదనిపించి భయమేసింది. ఫోను సంభాషణలో అవతలి మనిషి నాకు కనబడలేదు, జవాబులు త్వరగా వచ్చేశాయి. ఒక్కరే అన్ని డైలాగులు గుర్తుపెట్టుకోవడం గొప్ప."

వాచికం
ఆఖరి వాక్యం తీసేయండి. జ్ఞాపకశక్తి వాళ్ల పనిముట్టు, వాళ్ల పని కాదు. మిగతాది అలాగే పంపండి.