మార్చిలో ఆమోదించిన పద్దులు ఏడాది మధ్యలో ఎలా మారతాయి?

బ్రాడీపేట పాఠకురాలు, గుంటూరు

పెద్దలందరికీ నమస్కారం. నేను డిగ్రీ పూర్తిచేసి, బ్రాడీపేటలో గది తీసుకుని గ్రూప్‌-1కు చదువుకుంటున్నాను. రాష్ట్ర ఆర్థిక వ్యవహారాల పాఠంలో ఒక చోట ఆగిపోయాను. 2025-26 బడ్జెట్‌ను ఆర్థిక మంత్రి పయ్యావుల కేశవ్‌ గారు 2025 ఫిబ్రవరి 28న రూ.3,22,359 కోట్ల అంచనాతో శాసనసభలో ప్రవేశపెట్టారు. తరువాత శాఖలవారీ డిమాండ్లపై చర్చ జరిగి, ఆ సొమ్మును ఖర్చుపెట్టే అధికారమిచ్చే ద్రవ్య వినిమయ బిల్లు ఆమోదం పొందింది. ఇంతవరకు అర్థమైంది. ఏ శాఖకు ఎంత అన్నది చట్టంగా మారిపోయిన తరువాత, ఏడాది నడుస్తుండగా ఒక పద్దులో పెంచడం, ఇంకొక పద్దులో తగ్గించడం, ఒక చోట మిగిలినది మరో చోటికి మళ్లించడం ఎవరి అధికారంతో జరుగుతుంది? పుస్తకంలో అనుబంధ గ్రాంటు, రీ-అప్రాప్రియేషన్‌, సరెండర్‌ అనే మూడు మాటలూ పక్కపక్కనే ఉన్నాయి గాని, వాటి మధ్య గీత ఎక్కడుందో తెలియడం లేదు.

రెండోది ఇంటి సంగతి. మా నాన్నగారు చిన్న కాంట్రాక్టరు. ఒక ప్రభుత్వ బడిలో ప్రహరీ గోడ, మరుగుదొడ్ల మరమ్మతు పని చేసి, ఎం-బుక్‌ అనే కొలతల పుస్తకంలో రాయించుకుని, బిల్లు పెట్టించి ఏడు నెలలైంది. కార్యాలయంలో ఒకసారి అడిగితే "బడ్జెట్‌ ఉందండి, రిలీజ్‌ లేదు" అన్నారు. మరోసారి అడిగితే "ఆ హెడ్‌లో (ఖాతా పద్దులో) ఉన్నది అయిపోయింది, సప్లిమెంటరీలో (అనుబంధ గ్రాంటులో) రావాలి" అన్నారు. ఈ రెండింటిలో ఏది నిజమని నమ్మాలి?

విశ్రాంత ఖజానా ఉద్యోగి, సత్యనారాయణపురం, విజయవాడ

అమ్మా, ముందు మీ రెండో ప్రశ్న తీసుకుంటాను, ఎందుకంటే అది తెలిస్తే మొదటిది దానంతట అదే విడిపోతుంది. పద్దు ఉండటం వేరు, రిలీజ్‌ ఉండటం వేరు, ఖజానాలో నగదు ఉండటం వేరు. శాసనసభ ఇచ్చేది ఖర్చుపెట్టే అధికారం మాత్రమే. చట్టం ప్రకారం తప్ప ప్రభుత్వ రాబడి చేరే రాష్ట్ర సంచిత నిధి నుంచి ఒక్క రూపాయి కూడా తీయకూడదని రాజ్యాంగం 266(3) అధికరణం చెబుతుంది గాని, చట్టం అయిన ప్రతి రూపాయినీ తీసి తీరాలని ఎక్కడా చెప్పదు. అందువల్ల ఆర్థిక శాఖ సాధారణంగా మూడు నెలలకు ఇంత అని వంతులు వేసి, బడ్జెట్‌ రిలీజ్‌ ఆర్డర్‌ ద్వారా, అంటే మేము బీఆర్‌వో అని పిలిచే ఉత్తర్వు ద్వారా వదులుతుంది. అది వస్తే బిల్లు ఖజానాలో పాస్‌ అవుతుంది. పాస్‌ అయిన తరువాత కూడా చేతిలో నగదు లేకపోతే వరుసలో నిలబడవలసిందే. రిజర్వు బ్యాంకు దగ్గర వరుసగా 14 పనిదినాలకు మించి ఓవర్‌డ్రాఫ్ట్‌లో ఉండకూడదన్న నిబంధన ఒకవైపు, మంగళవారం బాండ్ల వేలంలో వచ్చే అప్పు ఇంకోవైపు పెట్టుకుని, ఏ బిల్లు ముందు, ఏ బిల్లు వెనుక అన్నది తేలుతుంది. జీతాలు, పింఛన్లు, వడ్డీ ముందుంటాయి. చిన్న కాంట్రాక్టర్లు ఎక్కడుంటారో నేను చెప్పనక్కరలేదు.

ఇక ఆ మూడు మాటలు. ఒక గ్రాంటు, అంటే ఒక డిమాండు కింద సభ ఓటు వేసి ఇచ్చిన మొత్తం లోపల ఒక హెడ్‌లో మిగులు, మరొక హెడ్‌లో కొరత కనిపిస్తే, ఆ మిగులును అక్కడికి మళ్లించడం రీ-అప్రాప్రియేషన్‌. దీనికి సభకు వెళ్లనక్కరలేదు, ఆర్థిక శాఖ అనుమతి చాలు. గ్రాంటు మొత్తమే చాలకపోయినా, బడ్జెట్‌లో ఊహించని కొత్త సేవ వచ్చిపడినా, 205వ అధికరణం కింద గవర్నర్‌ పేరుతో మరొక వివరణ పత్రాన్ని సభ ముందు ఉంచి, అడిగి, ఓటు వేయించుకుని, మళ్లీ ద్రవ్య వినిమయ చట్టం చేయాలి. అది అనుబంధ గ్రాంటు. ఖర్చుకాదని తేలిన సొమ్మును శాఖ ముందుగానే ఆర్థిక శాఖకు ఒప్పగించడం సరెండర్‌. ఇది జనవరిలో జరిగితే అవసరమున్న వేరే పనికి ఉపయోగపడుతుంది, మార్చి 31న జరిగితే కాగితంలో అంకె సరిచేయడానికి తప్ప దేనికీ పనికిరాదు.

మార్చి 31 అన్నాను గనుక ఒక్క మాట. కంప్యూటర్లు రాకముందు నేను ఒక సబ్‌ట్రెజరీలో పనిచేసేవాడిని. ఆ రాత్రి బ్యాంకు కౌంటరు తెరిచే ఉంచేవారు. గుమ్మం బయట ఇత్తడి టోకెన్లు చేతిలో పట్టుకుని ప్యూన్లు నేలమీద కూర్చునేవారు. రాత్రి తొమ్మిది దాటాక రీ-అప్రాప్రియేషన్‌ ఉత్తర్వు కాపీని ఎవరో సైకిల్‌ మీద పట్టుకొస్తే, అందులోని హెడ్‌ మా రిజిస్టరులోని హెడ్‌తో ఒక అంకె తేడాగా ఉందని వెనక్కి పంపిన సందర్భం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ మనిషి తిరిగి వచ్చేసరికి తారీఖు మారిపోయింది. ఏడాది ముగిశాక మళ్లించడానికి నిబంధనల్లో చోటు లేదు గనుక ఆ బిల్లు కొత్త ఏడాదికి పోయింది. 2018 ఏప్రిల్‌ నుంచి బిల్లులు, చెల్లింపులు ఆన్‌లైన్‌లో నడిపే సీఎఫ్‌ఎంఎస్‌ వచ్చాక సైకిల్‌ పోయింది గాని, తారీఖు మాత్రం అలాగే ఉంది.

పౌరశాస్త్ర అధ్యాపకుడు, గుంటూరు

పెద్దలు చెప్పినదానికి నేను కొంత చేర్చాలి, ఒక చోట విభేదించాలి కూడా.

చేర్చవలసినది హద్దుల గురించి. రీ-అప్రాప్రియేషన్‌ ఆర్థిక శాఖ చేతిలోనే ఉన్నా, అది ఇష్టారాజ్యం కాదు. ఒక గ్రాంటు నుంచి మరొక గ్రాంటుకు మళ్లించకూడదు. ఒకే గ్రాంటులో కూడా రెవెన్యూ వ్యయం (నిర్వహణ ఖర్చు) నుంచి మూలధన వ్యయానికి (ఆస్తులు కల్పించే ఖర్చుకు) గాని, సభ ఓటు వేసిన వోటెడ్‌ సొమ్ము నుంచి ఛార్జ్‌డ్‌ ఖర్చుకు గాని దాటించకూడదు. అప్పుల మీద వడ్డీ, హైకోర్టు న్యాయమూర్తుల జీతాలు, కోర్టు డిక్రీల కింద చెల్లించవలసిన మొత్తాలు ఛార్జ్‌డ్‌ కిందికి వస్తాయి. వాటిపై సభలో చర్చించవచ్చు గాని ఓటింగ్‌ ఉండదు. కొత్త సేవకు అయితే, అదే గ్రాంటులో దండిగా మిగులు ఉన్నా సరే, సభ అనుమతి లేకుండా మళ్లించకూడదు. అటువంటప్పుడు నామమాత్రపు మొత్తానికి టోకెన్‌ గ్రాంటు అడుగుతారు. వంద రూపాయలకు సభను అడగడమేమిటని మా విద్యార్థులు ప్రతి ఏటా నవ్వుతారు. అక్కడ అడిగేది డబ్బు కాదు, ఒప్పుదల. పరీక్షలో దీనిపై ప్రశ్న వస్తే ఈ ఒక్క వాక్యం రాస్తే చాలు.

విభేదించేది ఎక్కడంటే, పెద్దలు అనుబంధ గ్రాంటును "అడిగి, ఓటు వేయించుకుని" ఆ తరువాత ఖర్చుపెట్టే వరుసలో చెప్పారు. రాజ్యాంగం ఉద్దేశం అదే. ఆచరణలో మన రాష్ట్రంలో చాలాసార్లు వరుస తలకిందులవుతుంది. అదనపు నిధుల ఉత్తర్వులు తీసి చదవండి. ట్రెజరీ కంట్రోల్‌ను (ఖజానా చెల్లింపులపై అదుపును), మూడు నెలల వంతుల నియంత్రణను సడలిస్తూ, అనుబంధ గ్రాంటుకు సభ ఆమోదం తరువాత పొందే షరతు మీద సొమ్ము మంజూరు చేస్తున్నట్టు ఉంటుంది. అంటే ఖర్చు ముందు, ఓటు వెనుక. సభలో అనుబంధ పద్దులు వచ్చేసరికి సభ్యులకు మిగిలేది జరిగిపోయినదాన్ని ఒప్పుకోవడమే. ఆ ఒప్పుదల కూడా తీసుకోకుండా గ్రాంటుకు మించి ఖర్చయితే, దానికి 205వ అధికరణంలోనే అధిక గ్రాంటు అనే మరో దారి ఉంది. ప్రజా పద్దుల సంఘం పరిశీలించిన మీదట సభ దాన్ని క్రమబద్ధం చేయాలి. అలా క్రమబద్ధం కాని మొత్తాలు ఏళ్ల తరబడి పేరుకుని ఉన్నాయని, ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే కాగ్‌ నివేదికల్లో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. వాటిలోనే ఇంకో విచిత్రం కూడా ఉంటుంది. అసలు కేటాయింపే పూర్తిగా ఖర్చుకాని గ్రాంటుకు అనుబంధం తెచ్చుకోవడం, ఏడాది చివర ఆ అనుబంధంతో సహా మిగిలిపోవడం. ఆకలి లేని ఇంట్లో రెండోసారి ఎసరు పెట్టినట్టు.

సింగ్‌నగర్‌ వాసి, విజయవాడ

అయ్యా, నాదొక సందేహం. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి మా ఇల్లు మునిగింది. నేల అంతస్తులో ఉన్నవారికి రూ.25,000 ఇస్తామన్నారు, మాకు వచ్చింది కూడా. వరద వస్తుందని బడ్జెట్‌లో ఎవరూ ముందుగా రాయలేరు గదా. అనుబంధ పద్దుల కోసం సభ కూర్చునేదాకా ఆగి ఉంటే మేము ఏమయ్యేవాళ్లం? అందుచేత ఖర్చు ముందు, ఓటు వెనుక అన్నది ఎప్పుడూ తప్పేనని నేను ఒప్పుకోలేను.

విశ్రాంత ఖజానా ఉద్యోగి

మీ మాట న్యాయమే. అయితే విపత్తుకు రాజ్యాంగంలోనూ, పద్దుల్లోనూ విడిగా దారులు వేసి ఉంచారు. 267(2) అధికరణం కింద రాష్ట్రానికి ఆగంతుక నిధి ఉంటుంది. సభ ఆమోదం వచ్చేలోగా అందులోంచి బయానాగా తీసి ఖర్చుపెట్టి, అనుబంధ గ్రాంటు వచ్చాక తిరిగి నింపుతారు. విపత్తులకు అంతకంటే పెద్ద ఆసరా రాష్ట్ర విపత్తు స్పందన నిధి, దానికి కేంద్రం 75 శాతం, రాష్ట్రం 25 శాతం వేస్తాయి. ఈ నిధి వేరే పనులకు పోకూడదు. పోతే ఏమవుతుందో మనకు అనుభవమే. కోవిడ్‌ మృతుల కుటుంబాల పరిహారం కేసులో, ఈ నిధి నుంచి పీడీ (వ్యక్తిగత డిపాజిట్‌) ఖాతాకు మళ్లిన సుమారు రూ.1,100 కోట్లను తిరిగి జమచేయమని 2022 జులైలో సుప్రీంకోర్టు మన రాష్ట్రాన్ని ఆదేశించింది.

మీ ఇల్లు మునిగిన ఏడాది లెక్క ఇంకా వింతైనది. ఎన్నికల సంవత్సరం కావడంతో ఫిబ్రవరిలో నాలుగు నెలలకు ఓటాన్‌ అకౌంట్‌, అంటే పూర్తి బడ్జెట్‌ వచ్చేదాకా ఖర్చులకు తాత్కాలిక అనుమతి తీసుకున్నారు. జులై చివరికి అది తీరిపోతే, ఆగస్టు 1 నుంచి నవంబరు 30 వరకు మరో నాలుగు నెలలకు ఆర్డినెన్స్‌ తెచ్చారు. అంటే బుడమేరు పొంగిన రోజున రాష్ట్రం ఆర్డినెన్స్‌ బడ్జెట్‌ మీద నడుస్తోంది. రూ.2,94,427 కోట్ల పూర్తి బడ్జెట్‌ నవంబరు 11న గాని సభకు రాలేదు. వరద ఖర్చుకు చోటు చూపే అవకాశం ఆ బడ్జెట్‌లోనే దొరికింది. కాబట్టి అధ్యాపకులవారి విమర్శను నేనూ ఒప్పుకుంటాను గాని, దాన్ని మీ రూ.25,000కు అంటించను. జూన్‌లోనే తెలిసిన ఖర్చును మార్చిలో అనుబంధానికి పెట్టడమే నాకు కిట్టనిది.

పాఠకురాలమ్మకు ఒక ప్రశ్న. మీ నాన్నగారు కట్టిన ప్రహరీ గోడ కొత్తదా, పాతదానికి మరమ్మతా? బిల్లు ఒకటా, రెండా? అడిగి చెప్పండి. కొత్త కట్టడం సాధారణంగా మూలధన వ్యయం కిందికి, మరమ్మతు రెవెన్యూ కిందికి వస్తాయి.

బ్రాడీపేట పాఠకురాలు

నాన్నగారిని ఫోన్‌లో అడిగాను. గోడ కొత్తదే, పునాదితో సహా కట్టారు. మరుగుదొడ్లు మాత్రం పాతవాటికి తలుపులు, పైపులు, టైల్స్‌ మార్చడం. బిల్లులు రెండట! పని ఒకే బడిలో, ఒకే ఇంజనీరు కింద, ఒకే నెలలో జరిగింది గనుక మేమంతా ఒకటే బిల్లు అనుకుంటూ ఇన్నాళ్లూ మాట్లాడుకుంటున్నాం. రెండింటి హెడ్‌ ఆఫ్‌ అకౌంట్లనూ కాగితం మీద రాయించి ఫొటో పంపారు. మొదటి నాలుగు అంకెలే వేరు. గోడ బిల్లుకు కేటాయింపు ఉంది, బీఆర్‌వో లేదు. మరుగుదొడ్ల బిల్లు హెడ్‌లో ఉన్నది ముందు వచ్చిన బిల్లులకే సరిపోయింది. కార్యాలయంలో ఒకరు ఒక బిల్లు గురించి, మరొకరు మరో బిల్లు గురించి చెప్పారన్నమాట. ఇంతకీ గోడ పద్దులో ఉన్న సొమ్మును మరుగుదొడ్ల పద్దుకు మళ్లించమని అర్జీ పెట్టవచ్చా అని నాన్నగారు అడుగుతున్నారు. అధ్యాపకులవారు చెప్పిన హద్దు ప్రకారం కుదరదనే చెప్పాను. సరేనా?

విశ్రాంత ఖజానా ఉద్యోగి

సరిగ్గా చెప్పారు. మూలధనం నుంచి రెవెన్యూకు దాటదు, అర్జీ పెట్టినా తిరిగి వస్తుంది. అదే గ్రాంటులో రెవెన్యూ కిందే వేరే మరమ్మతు హెడ్‌లలో మిగులు ఉంటే మాత్రం ఇంజనీరుగారు రీ-అప్రాప్రియేషన్‌ ప్రతిపాదన పైకి పంపవచ్చు. పంపారా లేదా అన్నదే అడగండి, పంపి ఉంటే ఫైలు నంబరు తీసుకోండి. మార్చి దాకా ఆగకుండా ఇప్పుడే అడగాలి. గోడ బిల్లుకు మీరు చేయగలిగింది తక్కువ. సీఎఫ్‌ఎంఎస్‌లో బిల్లు నంబరు కొట్టి ఏ అంచెలో ఉందో వారానికి ఒకసారి చూసుకోండి. డీడీవో, అంటే ఖజానాకు బిల్లు పంపే అధికారి దగ్గరే ఆగితే కార్యాలయానికి వెళ్లాలి. ఖజానా దాటి నగదు వరుసలో ఉంటే మాత్రం తిరగడం వల్ల చెప్పులు అరగడమే.