వరాహతతిభిః? వరాహపతిభిః? ‘…ముస్తాక్షతిః పల్వలే’

తెలుగుబడి: శాకుంతలం రెండో అంకంలో దుష్యంతుడు వేట మాన్పించే శ్లోకం. మూడో పాదం తోక ఒక్కటే నోట్లో ఆడుతోంది: ‘…తిభిర్ముస్తాక్షతిః పల్వలే’ (పల్వలం అంటే నీటిగుంట). ముందున్నది వరాహతతిభిః (పందుల గుంపులచేత) అనా, వరాహపతిభిః (పెద్ద మగపందులచేత) అనా? ఆ ముస్త అరటితోటల్ని పట్టి పీడించే మన తుంగేనా? క్షతి అంటే మేయడమా, పెళ్లగించడమా?

గణవిభజన: రెండు పాఠాలూ ఉన్నాయి. శార్దూలంలో ఆ చోట సగణం (లఘువు, లఘువు, గురువు). ‘త’ అయినా ‘ప’ అయినా లఘువే కాబట్టి ఛందస్సు తేల్చదు, పాదం మొదలు చూడాలి. ‘విస్రబ్ధైః’ (బెదురులేని) అని ఉంటే పుంలింగం, ‘పతిభిః’తోనే పొసుగుతుంది. తతి స్త్రీలింగం కదా, దానికి ‘విస్రబ్ధాభిః’ కావాలి, అది గణానికి ఇమడదు. ‘విస్రబ్ధం’ (బెదురు లేకుండా) క్రియావిశేషణం, రెండింటికీ సరిపోతుంది. ముందు మీకు గుర్తున్నది ‘ఐ’నా, సున్నానా చెప్పండి.

రఘువంశప్రియ: నా ఓటు తతికే. రఘువంశం తొమ్మిదో సర్గలో దశరథుడి వేట చూడండి. బురదగుంటలోంచి లేచి పారిపోయిన పందుల దారి పొడుగునా నమిలి వదిలిన ముస్త మొలకలు. అక్కడ కవి మాట ‘వరాహకులం’. ఋతుసంహారం గ్రీష్మవర్ణనలో ‘వరాహయూథం’. కులమన్నా యూథమన్నా గుంపే. గుంపు లేకుండా కాళిదాసు పందిని ముస్త దగ్గరికి పంపలేదు.

గణవిభజన: ఋతుసంహారం కాళిదాసుది కాదనేవాళ్లున్నారు, దాన్ని సాక్ష్యానికి పిలవకండి. ఎదిగిన మగ అడవిపంది ఎక్కువగా ఒంటరిగానే తిరుగుతుంది. పతి పాఠానికి ఆ బలం ఉంది.

చక్కెరకేళి: క్షతి సంగతి గడ్డ చూస్తే తెలుస్తుంది. తుంగ గడ్డలు నల్లటి తొక్కతో, సన్నని తీగలాంటి వేరుకాడకి దండలా గుచ్చినట్టుంటాయి. విరిస్తే లోపల తెల్లగా, ఘాటైన వాసన. చేత్తో పీకితే పైమొక్క తెగి వస్తుంది, దండ నేలలోనే ఉంటుంది. దండ అతికి ఉన్నంతసేపు కొనగడ్డ మిగతా మొగ్గల్ని అణచిపెడుతుంది. ముక్కలైతే ఏ గడ్డకాగడ్డ మొలుస్తుంది. తడినేలలో రోటవేటర్ వేసిన తోటలో తుంగ పెరగడానికి కారణం అదే. పందిముట్టె చేసేదీ అదే పని, కాబట్టి నేను పెళ్లగించడమనే అంటాను.

తుంగ పోవాలంటే అరటి పిలకలు నాటకముందే, ఏప్రిల్, మే నెలల్లో, అరడుగు లోతున దున్ని చుక్క నీరు పెట్టకుండా ఎండనివ్వాలి. 10, 12 రోజులకి అడ్డంగా మళ్లీ దున్నాలి. గడ్డని చంపేది ఇనుము కాదు, ఎండ. మధ్యలో వాన పడితే మళ్లీ మొదటికి. నాటాక నాలుగైదు నెలలు దాటితే పార లోతుగా దింపకూడదు, అరటి వేర్లు చాలావరకు పైఅడుగులోనే అల్లుకుంటాయి. ఆకులు కలిసి నీడ కమ్మితే తుంగ తానే నీరసపడుతుంది. కలుపుమందు గ్లైఫోసేట్ పిలక ఆకుమీద పడితే మాత్రం తల్లిదుంపకీ దిగుతుంది.

అమరాభిమాని: సంస్కృత నిఘంటువు అమరకోశం ముస్త పేర్లు ఇలా చెప్పింది: ‘కురువిందో మేఘనామా ముస్తా ముస్తకమస్త్రియామ్’. ‘ముస్తా’ దీర్ఘాంత స్త్రీలింగం. కనుక ముస్తా + క్షతి, ‘ముస్త + ఆక్షతి’ కాదు. ఎలా కలిపినా ‘ముస్తాక్షతి’ అనే వినిపిస్తుంది కాబట్టి చెవికి తేడా తెలియదు. ‘మేఘనామా’ అంటూ మబ్బు పేర్లన్నీ ముస్తకీ చెల్లుతాయనడం ఎంత ముచ్చటైన మాటో!

పాలీహౌస్: మబ్బుతో పనిలేదు, డ్రిప్పు తడి చాలు దీనికి. నేలమీద కప్పే మల్చింగ్ షీటు మిగతా కలుపునంతా ఆపుతుంది, తుంగ మొలక సూదికొనతో పొడుచుకుని పైకొస్తుంది. పులిచింత సంగతి వేరే, అది గింజతో వస్తుంది. తుంగ వచ్చేది ఎర్రమట్టితో, పశువుల ఎరువుతో. ప్రతి లోడులోంచి నాలుగైదు చోట్ల మట్టి తీసి కుండీల్లో తడిపి మూడు వారాలు చూడాలి. తుంగ మొలిస్తే ఆ లోడు లోపలికి రానివ్వకూడదు.

గట్టుమీద: తుంగభద్రలో ఉన్నదీ ఈ తుంగేనా?

అమరాభిమాని: కాదండీ. తుంగ, భద్ర రెండు నదులు, కూడ్లి దగ్గర కలుస్తాయి. భద్రముస్త మాట వేరు, అమరం దాన్ని గుంద్ర అని విడిగా చెప్పింది.

రఘువంశప్రియ: అయితే ఋతుసంహారంలో ‘సభద్రముస్తం’ అన్నది గుంద్రేమో! చాపలల్లే తుంగా వేరే కదా.

చక్కెరకేళి: అక్కడ ‘పరిశుష్కకర్దమం’ అని కూడా ఉంది, ఎండిన చెరువు. నిండా నీళ్లుంటే మన తుంగ గడ్డ మొలవదు, వరి తర్వాత అరటి వేసిన మడిలో అది తగ్గేది అందుకే. శాకుంతలంలో పల్వలం ఎండినదా, తడిదా?

తెలుగుబడి: నా చెవిలో ఉన్నది సున్నాయే, ‘విస్రబ్ధం క్రియతాం’. అంటే గణవిభజన గారి లెక్కన రెండూ సరిపోతాయి!

గణవిభజన: సున్నా నిజంగా విన్నదేనా? ‘విస్రబ్ధైః క్రియతాం’ అని ఒకసారి పైకి చదివి చూడండి.