కెమెరా సెన్సార్ మీద దుమ్ము: గాలి ఊదే బ్లోయర్ చాలకపోతే ఏం చేయాలి?

ప్రశ్న: ఏపీఎస్-సీ (చిన్న సైజు సెన్సార్) మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరా. ఎఫ్/16 దగ్గర, అంటే లెన్స్ రంధ్రం బాగా చిన్నగా పెట్టి, ఆకాశం తీస్తే పైన ఎడమ మూల రెండు నల్ల మచ్చలు. లెన్స్ మార్చినా అక్కడే ఉన్నాయి. మెనూలో క్లీనింగ్ నడిపినా పోలేదు. స్వాబ్ (సెన్సార్ తుడిచే పుల్ల) వాడొచ్చా?

జవాబు 1: వాడొచ్చు, కానీ ముందు బ్లోయరే. బ్యాటరీ నిండా ఉండాలి, షట్టర్ తెరిచి ఉందో లేదో చూసుకోండి. కొన్ని మోడళ్లలో ఆఫ్ చేస్తే అది మూసుకుంటుంది. షట్టర్ పల్చటి రేకులకు ఏదీ తగలకూడదు. లెన్స్ తీసిన కెమెరా మూతి కిందికి పెట్టి ఊదండి. నోటితో వద్దు, తుంపర పడుతుంది. డబ్బా గాలి అసలే వద్దు, లోపలి ద్రవం చిమ్మి మరక కడుతుంది.

జవాబు 2: ఫొటోలో పైన ఎడమ అంటే, ముందు నుంచి చూస్తే సెన్సార్ మీద కింద ఎడమ. పైకిందులే తారుమారవుతాయి. చాలామంది తప్పు మూల తుడిచి, పోలేదంటారు.

జవాబు 3: స్వాబ్ 16 మిల్లీమీటర్ల వెడల్పుది తీసుకోండి, 24ది పెద్ద సెన్సార్ ఉండే ఫుల్‌ఫ్రేమ్‌కి. సెన్సార్ ద్రవం రెండు చుక్కలు స్వాబ్ అంచున వేసి, కొన్ని సెకన్లు ఇంకనివ్వండి. ఒక చివర నుంచి ఇంకో చివరికి ఒక్క గీత, తిప్పి రెండో వైపుతో వెనక్కి ఒక్కటి. తర్వాత పారేయండి. తడి ఎక్కువైతే చారలు మిగులుతాయి. ఊదకుండా తుడిస్తే ఇసుక రేణువు సెన్సార్ పైనుండే ఫిల్టర్ గాజును గీకేస్తుంది. బాడీలో స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిచేసే ఏర్పాటు) ఉంటే సెన్సార్ కదులుతుంది, నొక్కకండి. మందుల షాపు స్పిరిట్ వద్దే వద్దు.