రాక్మానినోఫ్ రెండో పియానో కన్సర్టో: 1929 గరగరల ప్లేటా, 1959 స్టీరియోనా?

తెల్లనల్ల_కీలు:
మా అమ్మాయి పియానో నేర్చుకుంటోంది. రష్యన్ స్వరకర్త రాక్మానినోఫ్ రెండో కన్సర్టో (పియానో, ఆర్కెస్ట్రా కలిసి వాయించే రచన) వినమని వాళ్ల మాస్టారు చెప్పారు. రెండు రికార్డింగులు పట్టుకున్నాం. ఒకటి 1929లో రాక్మానినోఫ్ స్వయంగా వాయించింది. ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రా, స్టోకోవ్‌స్కీ కండక్టర్. రెండోది 1959లో పియానిస్టు రిక్టర్ వార్సా ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో వాయించిన స్టీరియో; విస్లోట్‌స్కీ కండక్టర్, డాయిచె గ్రామోఫోన్ కంపెనీ వాళ్లది.

మొదటిసారి వినేవాళ్ల చేతికి 1929ది ఇవ్వకూడదని నా అభిప్రాయం. ఈ కన్సర్టో మొదలయ్యేదే ఒంటరి పియానోతో. గుడిగంటలా ఒక్కో కార్డ్ (ఒకేసారి మోగే స్వరాల గుత్తి) పడుతుంది, ప్రతిదాని వెనకా అడుగున ఒక ఎఫ్ స్వరం మోగుతుంది. మొదటిది వినీ వినపడనట్టు, ఆ తర్వాతది కాస్త గట్టిగా, అలా పెరుగుతూ పోతుంది. రిక్టర్ దగ్గర ఆ ఎఫ్ నేలలోంచి వచ్చినట్టుంటుంది. పాత ప్లేటులో ముందు గరగర వినపడుతుంది, సంగీతం తర్వాత. మా అమ్మాయి అర నిమిషానికే హెడ్‌ఫోన్స్ తీసేసింది.

పాతప్లేటు:
అర నిమిషం చాలదండీ. చెవి సర్దుకోవడానికి కనీసం రెండు మూడు నిమిషాలు పడుతుంది. ద్వారం వెంకటస్వామినాయుడు గారి ఫిడేలు మన పెద్దవాళ్లు ప్లేట్ల మీద, ఆ గరగరలోనే విన్నారు. కమాను తీసే తీరులో ఏ సొగసూ వాళ్లకి తప్పిపోలేదు.

రాసినవాడే వాయించిన రికార్డింగ్ ఉండగా దాన్ని వెనక్కి నెట్టడం నాకు నిజంగా బాధగా ఉంటుంది. రిక్టర్ గొప్పవాడే, కానీ ఆ మొదటి కార్డ్స్ ఎంత నిదానంగా వేస్తాడంటే పాట కదలడానికి మొరాయించినట్టుంటుంది. మొదటి భాగమే రాక్మానినోఫ్ కన్నా నిమిషానికి పైగా ఎక్కువ సాగుతుంది. స్కోరు మీద ఉన్నది మోడెరాటో, అంటే మధ్యస్థ వేగం. రాక్మానినోఫ్ ఎక్కడా ఏడవడు, ఏడిపించడానికి చూడడు. నడుస్తూ పోతాడు, మన గుండె దానంతట అదే బరువెక్కుతుంది. ఈ సంగతి ఏ స్టీరియో చెప్పదు.

స్టూడియో_మనిషి:
ఇరవై ఏళ్లుగా మిక్సింగ్ పనిలో ఉన్నాను. ఇక్కడ రెండు విషయాలు కలిసిపోతున్నాయి: రికార్డింగ్ వేరు, దాన్ని ప్లేటు నుంచి డిజిటల్‌లోకి ఎక్కించిన తీరు వేరు.

1929 అంటే మైకు వచ్చాక చేసింది. రాక్మానినోఫ్ 1924లో కూడా ఇదే కన్సర్టోలో కొంత రికార్డు చేశాడు, అది మైకు లేక బూర ముందు వాయించిన కాలం. ఆ రెండూ పక్కపక్కన వింటే 1929ది ఎంత మెరుగో తెలుస్తుంది. పియానో చిట్టచివరి కీ 4,186 హెర్ట్జ్. ఆనాటి ప్లేటు దాదాపు అక్కడిదాకా పట్టేది, అంటే స్వరాలు దాదాపు అన్నీ పడతాయి. పడనివి ఆ స్వరాల మీద ఉండే మెరుపులు. గరగర కూడా ఆ పైభాగంలోనే ఎక్కువ. కొందరు శుభ్రం చేస్తున్నామని ఫిల్టర్ బిగిస్తారు. గరగరతో పాటు సుత్తి తీగ మీద పడే మొదటి దెబ్బ కూడా పోతుంది. పియానో మీద దుప్పటి కప్పినట్టవుతుంది. కాబట్టి గరగర కాస్త ఉంచిన ట్రాన్స్‌ఫర్ వెతకండి, అదే మంచిది.

ఇంకోటి, పోల్చేటప్పుడు రెండింటి వాల్యూమ్ సమానం చేశారా? చెవికి కాస్త గట్టిగా వినిపించేదే మంచిదనిపిస్తుంది. అందరం మోసపోయేది ఇక్కడే. ఆ అడుగు ఎఫ్ దాదాపు 44 హెర్ట్జ్. ఫోన్ స్పీకర్లో రిక్టర్‌ది పెట్టినా అది రాదు.

అయినా ఈ వాదనలో నేను తెల్లనల్ల_కీలు గారి వైపే. ఒంటరి పియానో అయితే పాత ప్లేటు చాలు అనేవాణ్ని. కన్సర్టో అంటే ఇద్దరి మాట. ఆ గంటలు అయిపోగానే అసలు రాగం ఆర్కెస్ట్రా ఎత్తుకుంటుంది, పియానో దాని చుట్టూ పరిగెడుతూ ఉంటుంది. 1929లో వయొలిన్లు పలచగా, డబుల్ బాస్‌లు ఉన్నాయా లేవా అన్నట్టు ఉంటాయి. ఒక మనిషి మాటే వినిపిస్తే సంభాషణ ఎలా అర్థమవుతుంది? రిక్టర్‌దీ మచ్చలేనిది కాదు, పియానోని మరీ ముందుకు లాగారు. నన్నడిగితే పియానిస్టు బైరన్ జానిస్, కండక్టర్ డొరాటి 1960లో మెర్క్యురీ కంపెనీకి చేసింది వినమంటాను. వాళ్ల పద్ధతి మూడే మైకులు, అంతే. ఎవరు ఎక్కడ కూర్చున్నారో కళ్లకి కట్టినట్టుంటుంది.

వేగం గురించి కూడా ఒక అనుమానం. అప్పటి ప్లేటు ఒక్కో పక్క పట్టేది నాలుగు నిమిషాల చిల్లర. రాక్మానినోఫ్ తొందర ప్లేటు తెచ్చిపెట్టింది కాదని ఎలా అంటారు?

విశాఖ_శ్రోత:
నా ఓటు ఇదే కన్సర్టోకి ఇంకో రికార్డింగ్‌కి: పియానో ఆష్కెనాజీ, కండక్టర్ ప్రెవిన్, లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా, డెక్కా కంపెనీ, 1970–71. కింగ్స్‌వే హాల్లో చేశారు. ఆ హాలు కింద నుంచి భూగర్భ రైలు పోయేది. అక్కడ చేసిన కొన్ని రికార్డింగుల్లో ఆ రొద వినపడుతుంది కూడా. అయినా వదులుకోలేకపోయారు, ఆ హాల్లో సంగీతం మోగే తీరు అలాంటిది. మొదటిసారి వినేవాళ్లకి నేనైతే ఇదే ఇస్తాను.

పాతప్లేటు:
ప్లేటు తొందర అన్నారు. పాటని ఎక్కడ ముక్క చేయాలో వాళ్ల చేతిలో పనే, ఇంకో ప్లేటు వేసుకుంటే సరిపోయేది. 1939–40లో కండక్టర్ ఆర్మండీతో మూడో కన్సర్టో చేసినప్పుడూ ఆయన నడక ఇంతే. అది ఆయన స్వభావం.

ఆర్కెస్ట్రా పలచన అన్న మాట మాత్రం ఒప్పుకుంటాను. అయినా రెండో భాగం వినండి. ఫ్లూట్ తర్వాత క్లారినెట్ రాగం అందుకున్నప్పుడు ఆయన పియానో ఎంత ఒదిగి పక్కన నడుస్తుందో చూడండి. అంత పేరున్న మనిషి, అక్కడ వట్టి పక్కవాద్యం. ఎంత గరగరున్నా అది వినపడకుండా పోదు.

తెల్లనల్ల_కీలు:
మీరు చెప్పినట్టే వేరే ట్రాన్స్‌ఫర్ పట్టుకుని, వాల్యూమ్ సమానం చేసి, రాత్రి రెండో భాగం పెట్టాను. క్లారినెట్ దగ్గరికి వచ్చేసరికి మా అమ్మాయి గదిలోంచి వచ్చి పక్కన కూర్చుంది. ఎవరు వాయిస్తున్నారని అడిగింది. చెప్పాను. "వెనక్కి పెట్టు నాన్నా" అంది. మూడుసార్లు పెట్టాం.

పాతప్లేటు గారూ, రెండో భాగం వరకు మీదే గెలుపు. ఆ మొదటి గంటలకి మాత్రం నా మాట మార్చుకోను. అక్కడ రిక్టరే. జానిస్‌ది ఆదివారం వింటాం.