చూపు లేని నాయిక ‘చూశాను’ అంటే దిద్దాలా?

ప్రశ్న: సిల్వియో సోల్దీని 2017లో తీసిన ‘ఇల్ కొలోరె నస్కోస్తొ దెల్లె కోసె’ అనే ఇటాలియన్ సినిమాకి తెలుగు సబ్‌టైటిల్స్ రాస్తున్నాం. నాయిక ఎమ్మా (వలేరియా గొలీనో) చూపు లేని ఆస్టియోపతి (చేతులతో కండరాలూ కీళ్ళూ సవరించే పద్ధతి) వైద్యురాలు. తేఒ (అద్రియానో జన్నీని) ప్రకటనల కంపెనీ మనిషి, ఏ బంధానికీ కట్టుబడని రకం. ఎమ్మా మాటల్లో ‘చూడు’ క్రియ వచ్చిన చోటల్లా కొందరు ‘కలుద్దాం’, ‘విన్నాను’ అని దిద్దుతున్నారు. సబబేనా? రెండోది: చూపు లేకపోవడాన్నీ తగ్గడాన్నీ చెప్పే ఇటాలియన్ మాటలు చేకా, నోన్ వెదెంతే, ఇపోవెదెంతే, మూడింటికీ ‘అంధురాలు’ చాలదా?

జవాబు: దిద్దకండి. ఇటాలియన్‌లో వీడ్కోలు మాట ‘చి వెదియామొ’, అక్షరాలా ‘ఒకరినొకరం చూసుకుందాం’ అని. చూపు ఉన్నా లేకపోయినా అందరూ అదే అంటారు. మన దగ్గరా చూపు లేనివాళ్ళు ‘నిన్న సినిమా చూశాం’ అనే అంటారు. దాన్ని ‘విన్నాను’ చేస్తే ఆమె మాటను ఆమె నోట్లోంచి లాగేసినట్టే. పైగా తెలుగు ‘చూడు’ ఒక్క కంటి సొత్తు కాదు. రుచి చూస్తాం, వాసన చూస్తాం, నాడి చూస్తాం. బరువెంతుందో ఎత్తి చూస్తాం, జ్వరముందేమో నుదురు పట్టి చూస్తాం. చేతులతో ఒళ్ళు పరీక్షించే వైద్యురాలికి ‘మెడ పట్టి చూడనీ’ కన్నా సహజమైన మాట ఏముంది? అక్కడ ‘స్పర్శించి గ్రహించనీ’ అని రాస్తే ఎమ్మా కాస్తా ప్రవచనకర్త అయిపోతుంది.

అయితే ఒక మెలిక ఉంది. ‘తిని చూడు’, ‘అడిగి చూడు’లో చూడు సహాయక్రియ, ప్రయత్నించమని అర్థం. ఇటాలియన్‌లో కంటిచూపు మీదే చమత్కారం ఆడిన చోట దీన్ని వాడితే చమత్కారం చచ్చిపోతుంది. అక్కడ ‘కళ్ళారా చూడు’, ‘కనబడుతోందా’ లాంటి, కంటికే అతుక్కున్న మాట వెయ్యాలి.

ఇంకొకరు: మూడు పదాలూ ఒకటి కావండీ. చేకా పాత సూటి మాట, మన ‘గుడ్డిది’ దరిదాపుల్లోది, కానీ అంత తిట్టు కాదు. ఇటలీలో 1920లో పుట్టిన అంధుల సంఘం పేరులో ఇప్పటికీ ఆ మాటే బహువచనంలో ఉంది. నోన్ వెదెంతే అంటే అక్షరాలా ‘చూడనివారు’, మర్యాద కోసం అల్లిన మాట. తన గురించి తాను చెప్పుకునే మనిషి నోట ‘నాకు చూపు లేదు’ బాగుంటుంది. మొహమాటపడే ఎదుటివాళ్ళ నోట ‘దృష్టిలోపం ఉన్నావిడ’ పెట్టండి, ఆ తడబాటు కూడా వినబడాలిగా. ‘దివ్యాంగులు’ మాత్రం వద్దు. అది 2016 నాటి మన కేంద్ర ప్రభుత్వ వాడుక, రోము వీధిలో పొసగదు.

ఇపోవెదెంతే అంటే చూపు మందగించినవారు. ఎమ్మా స్నేహితురాలు పాత్తీ అలాంటి మనిషే. మన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కూడా ఈ రెంటినీ వేరు చేస్తుంది: అద్దాలు పెట్టినా మెరుగైన కంట్లో చూపు 3/60 (మామూలు కంటికి 60 మీటర్ల నుంచి కనబడేది 3 మీటర్ల నుంచి కనబడే చూపు) కన్నా తక్కువైతే అంధత్వం, 6/18కి దిగువన 3/60 దాకా మందచూపు. దీనికి ఇంట్లో వాడే మాట ఉండనే ఉంది: ‘చూపు ఆనదు’. కర్తను మాత్రం సరిచూసుకోండి. ‘అక్షరాలు ఆనడం లేదు’ అంటే చూపు సంగతి. ‘వాడు ఆమె కంటికి ఆనడు’ అంటే చులకన. ఒక్క పదం అటూ ఇటూ అయితే పాత్తీకి లేని పొగరు అంటగట్టినట్టవుతుంది.

మరొకరు: ‘చెయ్యి పట్టుకుని నడిపించాడు’ అని రాసేముందు తెర చూడండి. సరైన పద్ధతిలో చూపు లేనివారే తోడువచ్చినవారి మోచేతికి కాస్త పైన పట్టుకుంటారు, తోడు మనిషి అరడుగు ముందు నడుస్తాడు. మెట్టు వస్తే ఆ చెయ్యి కదలిక వల్లే తెలిసిపోతుంది. పట్టు ఎవరిదో తారుమారైతే ప్రేమ సన్నివేశం కాస్తా సాయం చేసే సన్నివేశం అయిపోతుంది. ‘ఆమె అతని మోచెయ్యి అందుకుంది’ చాలు.

ప్రశ్న వేసినవారు: బాగుంది. మరి వరుస నిడివి? మాకు వరుసకు 42 అక్షరాల హద్దు.

జవాబు: సాఫ్ట్‌వేర్ లెక్కించేది అక్షరాలను కాదు, యూనికోడ్ సంకేతాలను. ‘దృష్టిలోపం’ కంటికి నాలుగక్షరాలే, లెక్కలో పది. వత్తులూ గుణింతాలూ విడివిడిగా పడతాయి. ‘చూపు లేదు’ ఖాళీతో కలిపి తొమ్మిదే. చోటు చాలకపోతే ముందు సంస్కృత సమాసాల్ని తగ్గించండి, క్రియ జోలికి వెళ్ళకండి. రెండు వరుసలుంటే పై వరుస వత్తులు కింది వరుస గుడుల్ని తాకకుండా ఎడం పెంచండి. ‘ష్ట్ర’, ‘క్ష్మి’ ఉన్న వరుసలు ముందు పరీక్షించండి.